నాయకుడు లేని రోబోలు ఒకచోట చేరాలంటే: చింతపిక్కల నుంచి సిమ్యులేటర్ దాకా

గచ్చు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఈ చివర 0, ఆ చివర 10 అని రాసి, రెండు చివరలా ఒక్కో చింతపిక్క పెట్టండి. ఇవే మన రోబోలు. రెండూ ఒకే చోటికి చేరాలి. ఎవరు ఎటు రావాలో చెప్పే పెద్దమనిషి లేడు. పేర్లు లేవు, మాటల్లేవు, జ్ఞాపకం లేదు. ఎదుటి పిక్క ఎక్కడుందో చూడగలవు, కాస్త లెక్క కట్టగలవు, కదలగలవు. అంతే.

"ఇద్దరూ మధ్యకొస్తే సరిపోలా?" అంటారు ఎవరైనా. నేనూ మొదట అదే అన్నాను. ఆ జవాబు ఎక్కడ తేడా కొడుతుందో చేత్తో చేసి చూసుకుంటే ఈ విషయం సగం అర్థమైనట్టే. మిగతా సగం కోసం ఒక చిన్న సిమ్యులేటర్ రాద్దాం. పైథాన్‌లో లిస్టులు, లూపులు వచ్చినవాళ్లకి ఒక ఆదివారం పని.

ముందు ఒక మాట. ఇందులో చాలామంది అల్గారిథంతో మొదలుపెడతారు. మీరు షెడ్యూలర్‌తో మొదలుపెట్టండి. ఏ రోబో ఎప్పుడు లేవాలో నిర్ణయించే భాగం అది. అల్గారిథం పది లైన్లే ఉంటుంది. అది పని చేస్తుందా లేదా అన్నది మాత్రం షెడ్యూలర్ ఎంత కొంటెదో దాన్నిబట్టి తేలుతుంది.

1. రోబోకి ఏమేం లేవో రాసుకోండి

ఈ నమూనాకి పునాది వేసినవాళ్లు ఇచిరో సుజుకి, మసాఫుమి యమషిత. వాళ్ల ప్రధాన పత్రం 1999లో వచ్చింది. అందులో రోబో అంటే తలం మీద కదిలే ఒక చుక్క. అన్ని రోబోలూ అచ్చం ఒకేలా ఉంటాయి, అన్నిట్లో ఒకే ప్రోగ్రాం నడుస్తుంది. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఉత్తరం ఎటో అందరికీ కలిపి ఒక ఒప్పందం లేదు. నా మీటరూ నీ మీటరూ ఒకటే అన్న హామీ కూడా లేదు. ప్రతి రోబో తన సొంత అక్షాలతో, సొంత కొలతతో లోకాన్ని చూస్తుంది.

పని మూడు భాగాల చక్రం: చూడు, లెక్కించు, కదులు. చూడటమంటే ఆ క్షణంలో మిగతా రోబోలు ఎక్కడున్నాయో ఒక ఫొటో తీసుకోవడం. ఆ ఫొటో ఒక్కటే ఆధారంగా ఎక్కడికి వెళ్లాలో లెక్కించి, అటు కదులుతుంది. చక్రం అయిపోగానే అంతా మర్చిపోతుంది. పోయినసారి ఎక్కడుందో, ఎందుకు కదిలిందో ఏదీ గుర్తుండదు.

ఇంత పేద రోబోల్ని ఎందుకు ఊహించుకోవడం? చౌక రోబోల్లో నిజంగానే ఇంతకంటే పెద్దగా ఏమీ ఉండదు, అదొకటి. రెండోది నాకు బాగా నచ్చే కారణం: జ్ఞాపకమే లేని అల్గారిథానికి పాడవడానికి జ్ఞాపకం ఉండదు. మధ్యలో బ్యాటరీ తీసి పెట్టినా, ఎవరో కాలితో తన్ని పక్కకు నెట్టినా, మళ్లీ లేవగానే ఆ రోబో కొత్తగా ఫొటో తీసుకుని పనిలో పడిపోతుంది.

2. షెడ్యూలర్ రాయండి, దానికి నారదుడని పేరు పెట్టండి

షెడ్యూలర్లు మూడు రకాలు. వాటి ఇంగ్లిష్ పొట్టి పేర్లే అందరూ వాడతారు, మనమూ అవే వాడదాం.

ఎఫ్‌సింక్: డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదినట్టు. ప్రతి విజిల్‌కీ అందరూ ఒకేసారి చూసి, లెక్కించి, కదులుతారు.

ఎస్‌సింక్: విజిల్ ఉంది, కానీ ప్రతిసారీ కొందరే లేస్తారు, మిగతావాళ్లు నిద్రలో ఉంటారు. ఎవరు లేవాలో షెడ్యూలర్ ఇష్టం. ఒక్కటే షరతు: ఎవర్నీ శాశ్వతంగా నిద్రపుచ్చకూడదు.

ఏసింక్: విజిలే లేదు. ఒక రోబో ఫొటో తీసుకుని, లెక్క కట్టి, కదలకుండా గంటసేపు నిలబడిపోవచ్చు. ఈలోగా మిగతావాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోతారు. తర్వాత అది ఆ పాత ఫొటో ప్రకారమే కదులుతుంది. పావొలా ఫ్లొక్కిని, జుసెప్పె ప్రెన్సిపె, నికొలా సాంతోరో, పీటర్ విడ్మేయర్ వంటివాళ్లు దీని మీద చాలా పని చేశారు.

యాదృచ్ఛికంగా రోబోల్ని లేపే షెడ్యూలర్ ఒకటి రాసుకోండి, అది సులువు. దాంతోపాటు నారదుడి లాంటిది ఇంకొకటి రాయండి. ఎవర్ని లేపితే తగువు తెగదో చూసి వాళ్లనే లేపేది. నా కోడ్‌లో ఆ ఫంక్షన్ పేరే నారద. ఒక అల్గారిథం సరైనదని ఒప్పుకోవాలంటే, నారదుడు ఏం చేసినా అది నెగ్గాలి.

3. సిమ్యులేటర్ అస్థిపంజరం

స్థానాలన్నీ ఒక లిస్టులో ఉంటాయి. అల్గారిథం ఒక ఫంక్షన్. దానికి రోబో నంబరు ఇవ్వకండి, అసలు స్థానాలూ ఇవ్వకండి. తనని (0, 0) అనుకుని చూస్తే మిగతావాళ్లు ఎక్కడ కనిపిస్తారో ఆ బిందువులు మాత్రమే ఇవ్వండి. అది ఎక్కడికి వెళ్లాలో ఒక బిందువు తిరిగి ఇస్తుంది. ప్రతి రౌండ్‌లో చేయాల్సింది ఇదీ:

- స్థానాల లిస్టుకి ఒక కాపీ తీయండి.
- ఎవరెవరు లేవాలో షెడ్యూలర్‌ని అడగండి.
- లేచిన ప్రతి రోబోకీ కాపీ నుంచే ఫొటో తయారుచేసి అల్గారిథానికి ఇవ్వండి.
- వచ్చిన జవాబుల్ని అసలు లిస్టులో రాయండి.

ఆ కాపీ ఉంది చూశారూ, అది మర్చిపోయే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. లూపులో ఒక రోబోని లెక్కించి వెంటనే కొత్త స్థానం రాసేశాను. రెండో రోబో ఆ కొత్త స్థానాన్ని చూసింది, మూడోది ఆ రెండిటినీ చూసింది. తెర మీద అందరూ చక్కగా కలిసిపోతున్నారు, నేను మురిసిపోతున్నాను. నిజానికి రోబోలు ఒకదాని తర్వాత ఒకటి వరసలో కదులుతున్నాయి, అంటే పేర్లు లేని రోబోలకి నేను తెలియకుండానే టోకెన్ నంబర్లు ఇచ్చేశాను.

ఇంకో తనిఖీ కూడా ఇప్పుడే పెట్టేయండి. ఫొటో ఇచ్చేముందు ప్రతి రోబోకీ ఏదో ఒక కోణంలో తిప్పి, ఏదో ఒక అంకెతో గుణించి, ఒక్కోసారి అద్దంలోలా తిరగేసి ఇవ్వండి. జవాబు రాగానే వెనక్కి మార్చుకోండి. అల్గారిథం ఎక్కడైనా దొంగచాటుగా ఉత్తర దిక్కుని వాడుకుంటుంటే ఈ దెబ్బకి బయటపడుతుంది.

4. మొదటి అల్గారిథం: సగటు

కనిపించే అందరి స్థానాల సగటు తీయండి, తనని కూడా కలుపుకుని. అక్కడికి వెళ్లండి. ఎవరి అక్షాలు ఎటు తిరిగినా సగటు నేల మీద అదే చోట పడుతుంది. అందుకే ఇది మంచి మొదటి ప్రయత్నం. ఎఫ్‌సింక్‌లో ఒక్క రౌండ్‌లో అందరూ అక్కడ ఉంటారు.

ఇప్పుడు పిక్కల దగ్గరికి రండి. 0 దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి. నారదుడు మొదటిదాన్నే లేపాడు. అది 5కి వచ్చింది. తర్వాత రెండోదాన్నే లేపాడు. అది 5, 10ల మధ్యకి, అంటే 7.5కి వచ్చింది. మళ్లీ మొదటిది: 6.25. దూరం 10 నుంచి 5, 2.5, 1.25 అవుతోంది. ప్రతిసారీ సగమవుతుంది కానీ సున్నా ఎప్పటికీ కాదు.

ఇక్కడ రెండు వేర్వేరు లక్ష్యాలున్నాయని గుర్తించాలి. ఎంత కావాలంటే అంత దగ్గరవడం ఒకటి, కచ్చితంగా ఒకే బిందువులో చేరిపోవడం మరొకటి. మొదటిదానికి సగటు చాలు. ఎన్ని రోబోలున్నా, ఏసింక్‌లో కూడా సగటు దగ్గరికి చేరుస్తుందని రూవెన్ కోహెన్, డేవిడ్ పెలెగ్ 2005లో నిరూపించారు. రెండోది చాలా కష్టం.

ఈ తేడాని కంప్యూటర్ దాచేస్తుంది, జాగ్రత్త. మామూలు దశాంశ సంఖ్యల్లో 53 బిట్లే ఉంటాయి కాబట్టి, పై ఆటని సిమ్యులేటర్‌లో ఆడిస్తే సుమారు 55 సార్లకల్లా రెండు స్థానాలూ సమానం అని చూపించేస్తుంది. సిద్ధాంతం ఎప్పటికీ కలవవంటే మీ ప్రోగ్రాం కలిశాయంటుంది. నమ్మకండి. పైథాన్‌లో భిన్నాలని భిన్నాలుగానే ఉంచే ఫ్రాక్షన్స్ మాడ్యూల్ ఉంది. ఒక గీత మీద ఆడే ఆటలకి అదే వాడండి.

5. రెండు రోబోల దగ్గర అసాధ్యం ఎదురవుతుంది

సగటు కుదరలేదు కాబట్టి "ఎదుటివాడి దగ్గరికే వెళ్లిపో" అని రాద్దామా? అప్పుడు నారదుడు ఇద్దర్నీ ఒకేసారి లేపుతాడు. వీడు అక్కడికి, వాడు ఇక్కడికి. మళ్లీ లేపితే మళ్లీ మార్చుకుంటారు. ఇలా తెల్లారేదాకా.

ఇంకేదైనా తెలివైన నియమం ఉందేమోనని వెతకక్కర్లేదు. ఎస్‌సింక్‌లో రెండు రోబోలకి అలాంటి నియమం ఏదీ ఉండదని సుజుకి, యమషిత చూపించారు. వాదన చిన్నదే, చూడండి. ఇద్దరూ కలిసే చివరి అడుగు ముందు క్షణాన్ని ఊహించుకోండి. ఇద్దరికీ ఎదురుగా ఒకే దృశ్యం ఉంది: నాకు ఎదురుగా, ఇంత దూరంలో ఒకడున్నాడు. కలవడానికి దారులు రెండే. ఇద్దరూ కదిలి మధ్యలో ఎక్కడో కలవాలి, లేదా ఒకడు నిలబడితే రెండోవాడు వాడి దగ్గరికి రావాలి. మొదటి రకమైతే నారదుడు ఒక్కణ్ణే లేపుతాడు. వాడు మధ్యకి వెళ్లి నిలబడతాడు, రెండోవాడు ఇంకా అక్కడే. రెండో రకమైతే ఇద్దర్నీ లేపుతాడు. ఇద్దరికీ ఒకే దృశ్యం, ఒకే ప్రోగ్రాం కాబట్టి ఇద్దరూ ఎదుటివాడి దగ్గరికే బయల్దేరతారు. ఏ రకమైనా కలయిక తప్పిపోతుంది.

ఇద్దరికీ ఒకే దిక్సూచి ఇస్తే మాత్రం చిక్కు విడిపోతుంది. "నువ్వు తూర్పున ఉంటే ఆగు, పడమర ఉంటే ఎదుటివాడి దగ్గరికి వెళ్లు" అంటే చాలు. దిక్సూచి లేకపోతే ఒక చిన్న బల్బు ఇచ్చినా పనవుతుంది. ఎదుటివాడికి కనిపించేలా నెత్తి మీద బల్బు, రెండే రంగులు, తెలుపు, నలుపు అనుకుందాం. జియోవానీ విల్యెట్టా 2013లో ఇచ్చిన నియమాలు నాలుగే:

- నేను తెలుపు, వాడు తెలుపు: నలుపుగా మారి మధ్యబిందువుకి వెళ్లు.
- నేను తెలుపు, వాడు నలుపు: వాడి దగ్గరికి వెళ్లు.
- నేను నలుపు, వాడు తెలుపు: కదలకు.
- నేను నలుపు, వాడు నలుపు: తెలుపుగా మారు, కదలకు.

దీన్ని చేత్తో ఆడి చూడండి. ఇద్దరూ తెలుపుతో మొదలుపెట్టండి. నారదుడు ఒక్కణ్ణే లేపితే వాడు నల్లబడి మధ్యకి వచ్చాడు. ఇప్పుడు వాణ్ణి ఎన్నిసార్లు లేపినా ఎదుట తెలుపు కనిపిస్తుంది కాబట్టి కదలడు. రెండోవాణ్ణి ఎప్పుడో ఒకప్పుడు లేపక తప్పదు, లేపగానే వాడు నేరుగా ఇక్కడికి వస్తాడు. ఒక్క బిట్టు సమాచారంతో అసాధ్యం సాధ్యమైంది. ఇది ఎస్‌సింక్ సంగతి. ఏసింక్‌కి ఆయన మూడు రంగులు వాడారు.

6. ముగ్గురు, అంతకంటే ఎక్కువ: త్వరగా దాటేద్దాం

ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే కచ్చితమైన కలయిక సాధ్యమే, ఒక షరతు మీద. ఒక బిందువు దగ్గర ఒకరే ఉన్నారా, ఒకరికంటే ఎక్కువ ఉన్నారా అన్నది కనిపెట్టగలగాలి. ఉపాయం స్థూలంగా ఇదీ: ఎక్కడైనా ఒక్కచోట ఇద్దరు చేరేలా చూడు, ఆ తర్వాత అందరూ ఆ గుంపు దగ్గరికే. సగటుతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఎవరు కదిలినా సగటు కదిలిపోతుంది. కదలని గురి ఒకటుంది: అందరి నుంచీ దూరాల మొత్తం అతి తక్కువగా ఉండే బిందువు, వెబర్ బిందువు అంటారు. ఎవరు దాని వైపు ఎంత నడిచినా అది అక్కడే ఉంటుంది. అదెంత బాగుందో అనుకుంటుండగానే దెబ్బ తగులుతుంది. అయిదుగురు, అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు దాన్ని కూడికలు, గుణకారాలు, వర్గమూలాల వంటివాటితో కచ్చితంగా కట్టే సూత్రం సాధారణంగా లేదు. ఏసింక్‌లో పూర్తి పరిష్కారం సాధించిన పత్రం 2012లో వచ్చింది. అది చదవాలంటే ఓపిక కావాలి, మనకి ఇక్కడ అక్కర్లేదు.

7. చూపు ఆనకపోతే

నాకు అసలు ఆసక్తి ఇక్కడ. ఇప్పటిదాకా ప్రతి రోబో అందర్నీ చూసింది. నిజం సెన్సర్లకి ఒక హద్దుంటుంది. ఆ హద్దు 10 గడులు అనుకుందాం. కచ్చితంగా 10 దూరంలో ఉన్నవాడు కనిపిస్తాడు, దాటితే కనిపించడు. మొదట్లో అందరూ గొలుసులా కలిసి ఉన్నారు, అంటే ఒకరినుంచి ఒకరికి చూపుల మీదుగా దారి ఉంది. ఆ గొలుసు తెగితే అయిపోయినట్టే. తెగినవాళ్లకి ఎటు వెతకాలో తెలియదు, వెతకాలన్న సంగతి కూడా గుర్తుండదు.

సగటు ఇక్కడ గొలుసుని ఎలా తెంపుతుందో చూడండి. 0 దగ్గర మూడు పిక్కలు, 9 దగ్గర ఒకటి, 18 దగ్గర ఒకటి పెట్టండి. నారదుడు 9లో ఉన్నదాన్నే లేపాడు. దానికి అందరూ కనిపిస్తున్నారు. సగటు: మూడు సున్నాలు, 9, 18 కలిపి 27, అయిదుతో భాగిస్తే 5.4. అక్కడికి వెళ్లింది. 18లో ఉన్నదానికి ఇప్పుడు దగ్గరివాడు 12.6 దూరంలో ఉన్నాడు. ఎవరూ కనిపించరు. తనొక్కతే లోకంలో ఉన్నాననుకుని అక్కడే ఉండిపోతుంది. గుంపు ఎటుంటే అటు లాక్కెళ్లడం సగటుకున్న జబ్బు.

1999లో హిదెకి ఆండో, యోషినోబు ఓయాసా, సుజుకి, యమషిత ఇచ్చిన మందు రెండు భాగాలుగా ఉంటుంది.

మొదటిది గురి. సగటు బదులు, కనిపించే అందర్నీ చుట్టేసే అతి చిన్న వృత్తం గీసి దాని కేంద్రాన్ని గురిగా పెట్టుకో. ఒకచోట ముగ్గురున్నా ముప్పైమంది ఉన్నా ఆ వృత్తానికి తేడా లేదు. పై ఉదాహరణలో 0కీ 18కీ మధ్య 9, కాబట్టి మధ్య పిక్క ఉన్నచోటే ఉంటుంది. ఈ వృత్తం కట్టడానికి ఎమో వెల్జల్ 1991లో ఇచ్చిన చక్కటి అల్గారిథం ఉంది. కానీ పది పదిహేను రోబోలకి అంత అవసరం లేదు. ప్రతి జతనీ వ్యాసంగా తీసుకుని, ప్రతి మూడు బిందువుల మీదుగా వృత్తం గీసి, అందరినీ కలుపుకునే వాటిలో చిన్నదాన్ని ఎంచుకుంటే చాలు.

రెండోది పలుపుతాడు. గురి ఎంత దూరమున్నా, కనిపించే ప్రతి పొరుగువాడితో ఈ నియమం పాటించు: నీకూ వాడికీ సరిగ్గా మధ్యబిందువు చుట్టూ 5 వ్యాసార్ధంతో ఒక వృత్తం ఊహించుకో, దాన్ని దాటకు. వాడు కూడా ఇదే ఫొటో చూసుంటే అదే వృత్తాన్ని ఊహించుకుంటాడు. అయిదు వ్యాసార్ధమున్న వృత్తంలో ఏ రెండు బిందువుల మధ్యా దూరం 10 దాటదు. ఒక్కడే కదిలినా, ఇద్దరూ కదిలినా, ఎటు కదిలినా చూపు తెగదు. మాట్లాడుకోకుండా కుదిరిన ఒప్పందం ఇది.

తలం మీద దీన్ని కట్టేది ఇలా. మిమ్మల్ని (0, 0) అనుకోండి. పొరుగువాడు (6, 8)లో ఉన్నాడు, అంటే సరిగ్గా 10 దూరంలో. మధ్యబిందువు (3, 4). మీ గురి కుడివైపు, అంటే (1, 0) దిశలో ఉంది. మధ్యబిందువు ఆ దిశలో ఎంత ముందుకుందో తీసుకోండి: 3. దాని వర్గం 9. అందులోంచి మధ్యబిందువు దూరం వర్గం 25 తీసేసి, వ్యాసార్ధం వర్గం 25 కలపండి. 9 వచ్చింది, వర్గమూలం 3. ముందటి 3కి ఇది కలిపితే 6. అంటే ఆ పొరుగువాడి తాడు మిమ్మల్ని 6 గడుల దాకా వెళ్లనిస్తుంది. (6, 0) నుంచి (3, 4)కి దూరం 5, సరిపోయింది. ప్రతి పొరుగువాడికీ ఇలా లెక్కించి, అన్నింటిలో చిన్నది, గురి దూరం, ఒక అడుగులో వెళ్లగలిగే గరిష్ఠ దూరం, ఈ మూడింటిలో ఏది చిన్నదైతే అంతే కదలండి.

మూడు పిక్కలతో ఒక్కసారి నడిపిద్దాం. 0, 6, 14 దగ్గర పెట్టండి, ఎఫ్‌సింక్. ఎడమదానికి 6లోది ఒక్కటే కనిపిస్తుంది, గురి 3. మధ్యదానికి ఇద్దరూ కనిపిస్తారు, గురి 7. కుడిదానికి గురి 10. తాళ్లేవీ అడ్డురావు. ఇప్పుడు 3, 7, 10. అందరూ అందరికీ కనిపిస్తున్నారు. తర్వాతి రౌండ్‌లో ముగ్గురూ 6.5లో ఉంటారు.

కోడ్ రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మూడో అడుగులో ప్రతి రోబోకీ కొలతని ఏదో అంకెతో గుణించాం కదా. చూపు హద్దు 10ని కూడా అదే అంకెతో గుణించి ఇవ్వాలి. అది మర్చిపోయి, సూత్రంలో తప్పుందనుకుని నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

8. ఏసింక్‌లో ఇదే మందు వికటిస్తుంది

ఆండో బృందం నిరూపణ ఎస్‌సింక్‌కి. నిరూపణలో కీలకం "వాడు కూడా ఇదే ఫొటో చూసుంటే" అన్న మాట. ఏసింక్‌లో అది నిజం కానక్కర్లేదు. నమ్మకం కుదరాలంటే అయిదు పిక్కలు తీసుకోండి. మనం గుర్తుపట్టడానికి క, చ, ట, త, ప అని పేర్లు పెడదాం, వాటికి మాత్రం తెలియదు. క −10లో, చ 0లో, ట 8లో, త 18లో, ప 28లో. చూపు 10.

చ లేచింది. దానికి −10లోని క, 8లోని ట కనిపిస్తున్నాయి. గురి −1. క తాడూ ట తాడూ రెండూ ఒప్పుకున్నాయి. బయల్దేరబోతుండగా నారదుడు దాన్ని ఆపేశాడు. ఇంకా 0లోనే ఉంది, జేబులో −1 అని చీటీ ఉంది.

ట లేచింది. చ 0లో, త 18లో కనిపిస్తున్నాయి. గురి 9, వెళ్లింది. తర్వాత త లేచింది. ట 9లో, ప 28లో కనిపిస్తున్నాయి. గురి 18.5, వెళ్లింది. ట మళ్లీ లేచింది. 0లో చ, 18.5లో త. గురి 9.25. చతో మధ్యబిందువు 4.5 కాబట్టి 9.5 దాకా పోవచ్చు, తాడు ఒప్పుకుంది, వెళ్లింది.

ఇప్పుడు నారదుడు చని వదిలాడు. అది చీటీ ప్రకారం −1కి వెళ్లింది. చకీ టకీ మధ్య దూరం 10.25. గొలుసు తెగింది. ఇటు ఇద్దరు, అటు ముగ్గురు, ఇక జన్మలో కలవరు. ఎవరూ ఏ నియమమూ తప్పలేదు. ఒకరి చీటీ పాతబడేలోగా ఇంకొకరు రెండుసార్లు కదిలారు, అంతే.

ఈ వరసని మీ సిమ్యులేటర్‌లో నారదుడికి చేత్తో రాసివ్వండి. యాదృచ్ఛిక షెడ్యూలర్‌తో ఇలాంటిది దొరకాలంటే అదృష్టం కావాలి. వెయ్యి రన్లు పచ్చజెండా చూపించాయని సంబరపడేవాళ్లకి ఈ అయిదు పిక్కలు చూపించండి. ఏసింక్‌కి సిమ్యులేటర్‌లో చిన్న మార్పు అవసరం: ప్రతి రోబోకీ ఒక చీటీ ఉంచండి, "చూసి చీటీ రాసుకో" అన్నదాన్ని, "చీటీ ప్రకారం కదులు" అన్నదాన్ని రెండు వేర్వేరు సంఘటనలుగా చేయండి. పొరుగువాడు అలా రెండోసారి కదిలిపోయే వీల్లేకుండా అడుగుల్ని ఇంకా కుదించే అల్గారిథంలు తర్వాత వచ్చాయి. పొదుపుగా కదలడమే వాటన్నిటి ఉపాయం.

9. బల్ల మీదకి దించేటప్పుడు

చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, రోబోలు గుద్దుకుంటాయి. కాబట్టి నిజం రోబోల దగ్గర "ఒకే బిందువు" అన్నదాన్ని "ఒకే గుంపు" అని మార్చుకోవాలి. సెన్సర్ సంగతీ చూడాలి. హార్వర్డ్‌లో మైకేల్ రూబెన్‌స్టైన్, రాధికా నాగ్‌పాల్ బృందం చేసిన కిలోబాట్లు అనే చిన్న రోబోలు 3.3 సెంటీమీటర్ల వెడల్పుంటాయి, చక్రాల్లేవు, ఫోన్లో ఉండేలాంటి వైబ్రేషన్ మోటార్లతో సన్నని కాళ్ల మీద జరుగుతాయి. 2014లో అలాంటివి 1024 కలిపి నక్షత్ర చేపలాంటి ఆకారాలు కట్టించారు, ఒక్కో ఆకారానికి పన్నెండు గంటల దాకా పట్టింది. కిలోబాట్‌కి పొరుగువాడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది, ఏ దిక్కున ఉన్నాడో తెలియదు. కాబట్టి మన ఏడో అడుగులోని వృత్తాన్ని అది ఉన్నదున్నట్టుగా గీయలేదు. ముందు సెన్సర్ ఏం చెబుతుందో చూసుకుని, తర్వాత అల్గారిథం ఎంచుకోండి.

మీ దగ్గర రెండు చక్రాల చిన్న రోబోలు ఉంటే మొదటి ప్రయోగంగా నేను సిఫార్సు చేసేది వేరేది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో మెల్విన్ గౌచీ, రోడరిక్ గ్రాస్ తదితరులు 2014లో ప్రచురించినది. సెన్సర్ ఒక్కటే, సూటిగా ఎదురుగా చూస్తుంది, ఎవరైనా ఉన్నారా లేదా అని ఒక్క బిట్టు చెబుతుంది. ఎవరూ లేకపోతే ఎడమ చక్రం గరిష్ఠ వేగంలో −0.7 వంతు, కుడి చక్రం −1 వంతు, అంటే వెనక్కి వంపుగా నడక. ఎవరైనా కనిపిస్తే ఎడమ చక్రం 1, కుడి చక్రం −1, అంటే ఉన్నచోటే గిరగిరా తిరగడం. లెక్కలు లేవు, జ్ఞాపకం లేదు. దీంతోనే ఈ-పక్ అనే రెండు చక్రాల చిన్న రోబోలు 40 తీసుకుని గుంపుగా చేర్చారు. ఒకటే చిక్కు, సెన్సర్ చూపు సరిపడా దూరం పారాలి. కురచ చూపుతో చేస్తే చిన్న చిన్న గుంపులుగా మిగిలిపోతాయి. గోడల్ని కూడా రోబోలనుకోకుండా చూసుకోవాలి. తెల్లటి అంచులు, నల్లటి రోబోలు పెడితే ఆ గొడవ తప్పుతుంది.

10. ఒకటి చచ్చిపోతే

చివరి పరీక్ష ఇది, చాలామంది చేయరు. బ్యాటరీ అయిపోయిన రోబో పక్కకి తప్పుకోదు. అక్కడే ఉంటుంది, అందరికీ కనిపిస్తూ ఉంటుంది, బతికున్నట్టే లెక్కలోకి వస్తుంది. ఒక పిక్కని గచ్చుకి బంకతో అంటించేసి సగటు ఆట ఆడండి. మిగతావన్నీ మెల్లగా దాని దగ్గరికే చేరుతాయి. ఒక్క చావుతో పని ఆగలేదు, చేరే చోటు మాత్రం ఆ చచ్చిన రోబో నిర్ణయించింది.

ఇప్పుడు రెండు పిక్కలు అంటించండి, 0 దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి. మిగతావాటిని ఎక్కడైనా వదలండి. ఎన్ని ఉన్నా సరే, అన్నీ 5 దగ్గరికి వచ్చి గుమిగూడతాయి. ఆ తర్వాత సగటు కూడా 5 కాబట్టి ప్రతి విజిల్‌కీ లేచి చూస్తాయి, లెక్క కడతాయి, ఉన్నచోటే ఉంటాయి. అటూ ఇటూ కదలని ఆ రెండింటి కోసం ఎదురుచూస్తున్నామన్న సంగతి వాటికి తెలియదు.